సుల్తానుబజారులోని మన పాత వసతిగృహము

(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు కొన్ని మాటలు పలుకుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరినప్పుడు, విద్యాభివృద్ధిని గూర్చిగాని వివాహవ్యయములను గూర్చిగాని మాటలాడవలసినదిగా సూచించిరి. ఆ విషయములలో నాకంటె సమర్థులు ఈ వేదికపై పెక్కురు గలరు. నేను స్వయముగా ఎరిగిన విషయమొక్కటి కలదు. అది సుల్తానుబజారులో మన కులపెద్దలు కట్టించిన విద్యార్థి వసతిగృహము నిలిచిన విధమును, పడిపోయిన విధమును. అందు నాలుగేండ్లు నేను అన్నము తింటిని. దానిని పడగొట్టవలెనని తీర్మానించిన నాడు చేయెత్తినవారిలో నేనును ఒకడను. కావున ఈ కథ చెప్పుటకు నాకు రెండు విధముల అధికారము కలదు. రెండవది గర్వింపదగినది కాదు.

రేపటి సభలో కాచిగూడలోని మన ధర్మశాలను గూర్చి ఒక తీర్మానము రానున్నది. ఆ తీర్మానమునకు ముందే ఈ మాటలు మీ చెవిని వేయుట నా ధర్మమని తలంచి నిలుచుంటిని.

మొదట ఆ పేటను గూర్చి రెండు మాటలు. నేటి యువజనులకు కోఠీ యనగా బస్సులు, పాతపుస్తకముల దుకాణములు, విద్యుత్పరికరముల అంగళ్లు మాత్రమే. మూసీనదికి ఉత్తరపు ఒడ్డున జేమ్సు అకిలీసు కిర్కుపాట్రికు అను బ్రిటిషు రెసిడెంటు 1803 ప్రాంతమున తన భవనమును కట్టింపనారంభించెను. దాని పరిసరమున పెరిగిన అంగళ్ల వీధులకు రెసిడెన్సీ బజారులని పేరు వచ్చినది. నిజాము రాజ్యము నడుమనున్నను ఆ వీధులపై అధికారము రెసిడెంటుది. 1933లో అవి మరల నిజాము ప్రభుత్వమునకు చేరినవి. అటుపిమ్మట సుల్తానుబజారను పేరు స్థిరపడినది.

రాజ్యములో తెలుగు చదువునకు ఆదరణ స్వల్పముగా నున్న ఆ దినములలో మన భాష తలదాచుకొన్నది ఆ వీధులలోనే. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901 సెప్టెంబరు 1వ తేదీన అక్కడనే స్థాపింపబడినది. కొమర్రాజు లక్ష్మణరావుగారును, రావిచెట్టు రంగారావుగారును ఆ కార్యమునకు పూనుకొన్నవారిలో ముఖ్యులు. 1921 నవంబరులో వివేకవర్ధినీ పాఠశాలయందు జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా కొందరు ఎగతాళి చేసి అడ్డుపడిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టినది. ఒక భాషవారికి ఒక గ్రంథాలయమును, కూర్చుండుటకు ఒక చావడియు ఎంత అవసరమో ఆ కాలపు పెద్దలకు ఎవరును బోధింపనక్కరలేదు.

వసతిగృహములును అటులనే వెలసినవి. పల్లెనుండి చదువునకు వచ్చిన బాలునకు పట్టణములో అద్దెకు గది దొరకదు, దొరకినను వండిపెట్టువారుండరు. 1918లో రాజాబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి వసతిగృహము ఏర్పడినది. సురవరం ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని నిర్వహణభారము వహించిరి. దానిని చూచి ఇతర కులములవారును తమ తమ పిల్లలకై పూనుకొనిరి. మన పెద్దలును ఆ వరుసలోనే, 1930 తరువాతి ఏండ్లలో, సుల్తానుబజారులోని ఒక గల్లీలో స్థలము కొని పదునాలుగు గదుల ఇల్లు కట్టించిరి.

నేను 1966వ సంవత్సరము జూన్ నెలలో, చేత ఒక రేకు పెట్టెయు చంకన ఒక బొంతయు పెట్టుకొని ఆ గుమ్మమెక్కితిని. వీధివైపున ఐదు దుకాణములు. వాని నడుమ సన్నని దారి. ఆ దారిలో పదియడుగులు వేసినంతనే బజారు సద్దు తగ్గి, లోపల నాలుగువైపుల వసారాయు, నడుమ షాబాదు బండలు పరచిన ముంగిలియు, మూలను చేదబావియు కనబడెడివి. గోడలు రెండడుగుల మందము. మిద్దె మద్రాసు పద్ధతిది: టేకు దూలములపై చిన్న యిటుకలను నిలువుగా పేర్చి, డంగుసున్నముతో అదిమి కట్టినది. ఎండకాలములో ఆ గదులలో పంకా లేకయే చదువుకొంటిమి. గోడలోని దీపపు గూళ్లలో మా పుస్తకములుండెడివి. గదికి ముగ్గురము, మొత్తము నలుబదిమందికి పైగా నుంటిమి.

గుమ్మము లోపలి గోడకు ఒక బండ అమర్చియుండెను. దానిపై ముప్పదియొక్క చందాదారుల పేర్లును, వారిచ్చిన పైకమును హాలీ సిక్కా రూపాయలలో చెక్కియుండిరి. మొదటి పేరునకెదురుగా వెయ్యిన్నీ ఐదువందలు. చివరి పంక్తిలో పేరు లేదు. ‘పేరు చెప్పనొల్లని ఒక ముసలమ్మ, హాలీ రూ. 11’ అని మాత్రము గలదు. మొదటి దాతల చిత్రపటములు సభామందిరమున వ్రేలాడుచుండెను. వారిని మాకు కార్యదర్శిగారు పరిచయము చేసిరి. చివరి పంక్తిని పరిచయము చేసినది మా వంటశాలలోని పెద్దమ్మ. ఆమెకు చదువు రాదు; అయినను ఆ పంక్తి ఎక్కడనున్నదో వ్రేలు పెట్టి చూపగలదు. పరీక్షలకు పోవుచు పటములకు నమస్కరించు మమ్ము చూచి, ‘ముందుగల్ల ఆమెకు మొక్కుండ్రి బిడ్డా’ అనెడిది. 1969లో ఉద్యమమువలన కళాశాలలు మూతబడి, కర్ఫ్యూ విధింపబడిన దినములలో, ఊళ్లకు పోలేక చిక్కుకొన్న మాకు ఆ పెద్దమ్మ గంజియు పచ్చిపులుసును పెట్టి కాపాడినది. అప్పుడు పొరుగు ఇండ్లలో చిక్కుకొన్న వేరు కులముల విద్యార్థులను కూడ లోనికి పిలిచి పెట్టినది. నియమావళిలో అందుకు తావు లేదు. కార్యదర్శిగారు చూచి చూడనట్లుండిరి.

ఇట్టి ఇల్లు ఎట్లు పోయినదని మీరడుగుదురు. పలుగు తగిలిన దినమున అది పోలేదు. అంతకు ముప్పదియేండ్ల ముందునుండియే పోవుచుండెను. మాకు కనబడలేదు.

మొదటిది, పేట మారినది. కుటుంబములు గల్లీలలోని ఇండ్లను విడిచి మలకుపేటకు, దిల్‌సుఖునగరునకు, ఇంకను దూరపు కాలనీలకు తరలిపోయినవి. విడిచిన ఇండ్లు గిడ్డంగులైనవి. ట్రూపుబజారులో దీపములును గొట్టములును, గుజరాతీ గల్లీలో విద్యుత్సామగ్రియు అమ్ము అంగళ్లు ఏటేట లోపలి వీధులకు ప్రాకినవి. వృత్తి కళాశాలలు ఊరి వెలుపల లేచినవి. పోటీ పరీక్షల శిక్షణాలయములు అమీరుపేటకును దిల్‌సుఖునగరునకును చేరినవి. మా పదునాలుగు గదులలో 1990 నాటికి సగము గదులకే విద్యార్థులుండిరి. వాడని గదికి తాళము వేయుదుము. తాళము వేసిన గదిలో మిద్దె కారుచున్న సంగతి ఎవరికిని తెలియదు.

రెండవది, ఆదాయము. వీధివైపు దుకాణముల అద్దెలు ఎన్నడో కుదిరినవి. వానిని పెంచిన వారు లేరు. పొరుగు యజమానులు అద్దెల నియంత్రణకై 1960లో వచ్చిన చట్టమును సాకుగా చెప్పుచుండిరి; మాకు ఆ సాకైనను అక్కరలేకపోయినది, ఏలయన అద్దెకున్నవారిలో ముగ్గురు మన బంధువులే. ఏడాది అద్దె అంతయు కలిపినను మిద్దెకు ఒక్కసారి సున్నము వేయించుటకు చాలదు. ఇల్లు పెట్టు పైకము ఇంటికి చాలకపోయినచో ఆ ఇల్లు తనను తాను తినుచున్నదని తెలిసికొనవలెను.

మూడవది, మరమ్మతు తెలియని మరమ్మతు. ఇది అందరును వినదగినది. డంగుసున్నమనగా గానుగలో సున్నమును ఇసుకను కలిపి నూరి, బెల్లపునీటితోను కరక్కాయ రసముతోను పదునుచేసి కట్టు పనితనము. ఆ గోడ చెమ్మను పీల్చుకొని మరల ఎండకు విడిచిపెట్టును. మేము 1984లో గోడలు పెచ్చులూడుచున్నవని వానిపై సిమెంటు పూయించితిమి. రెండేండ్లు అద్దమువలె మెరసినవి. పిమ్మట లోపలి చెమ్మకు దారి లేక, సున్నము బూడిదవలె రాలి, దూలముల కొనలు గోడలోననే పుచ్చిపోయినవి. మిద్దెపై వాననీరు పోవు తూము మూసికొనిపోయి, ఆ తేమలో రావిమొక్క లేచినది. నరికితిమి, వేరు లోపలనే యుండెను. 1995లో ఒక ముసలి మేస్త్రిని పిలిపించి చూపితిమి. ఆయన గోడపై అరచేయి మోపి, ‘అయ్యా, నీళ్లు ఏడ ఆగితే ఆడ గోడ సస్తది. తూము తెరువుండ్రి, సిమెంటు గీకించుండ్రి, ఇంకో యాభై ఏండ్లు నిలబడ్తది’ అనెను. ఆయన కోరిన పైకము ఆ ఏటి వార్షికసభకు మేము వేసిన పందిరి ఖర్చుకంటె తక్కువ. ఆ సభలో తీర్మానించితిమి, చేయింపలేదు. ఇల్లు పీకి పందిరి వేయుటయను సామెత మనవారిదే కదా!

అట్లు 2009వ సంవత్సరము వచ్చినది. అంతకుముందు వానలలో ఒక వసారా కూలినది. దైవకృపచే ఎవరికిని దెబ్బ తగులలేదు. ఒక నిర్మాణదారుడు వచ్చి ఒప్పందపు చిత్తును ముందుంచెను. స్థలము మనది, కట్టుబడి అతనిది, చెరిసగము. ఐదంతస్తుల అంగడి భవనము. అందు ఒక అంతస్తు వసతిగృహమునకు. ఇరువదినాలుగు నెలలలో పూర్తి. సభలో ఎదురుచెప్పినవారు ఇద్దరు. వారిలో ఒకరు, ‘కట్టునంతకాలము పిల్లలు ఎక్కడ పండుకొందురు?’ అని అడిగిరి. దానికి మేమిచ్చిన జవాబు, ‘అది తరువాత చూచుకొందము’ అని. నేను చేయెత్తితిని. దాచుకొనుట దేనికి? నాకును ఆ పాత ఇంటిని చూచిన భయముగానే యుండెను. అద్దె లెక్క విన్న ఆశగానే యుండెను.

పడగొట్టుట 2010వ సంవత్సరపు వేసవిలో జరిగినది. నేను పదునొకండు దినములు ప్రతిప్రొద్దు పోయి ఎదుటి తేనీటి అంగడిలో కూర్చుండి చూచితిని. మొదటి దినమున తలుపులును కిటికీలును ఊడదీసి బండ్లకెత్తిరి. పాత టేకునకు కొనుగోలుదారులు ముందే కుదిరియుండిరి. పిదప దూలములు. దూలములు తీసిన పిమ్మట మిద్దె తనంత తానే జారినది. గోడలు మాత్రము మేము భయపడినంత సులభముగా పడలేదు. సిమెంటు పూయని ఉత్తరపు గోడను కూల్చుటకు మూడు దినములు పట్టినది. ఇటుకను ఇటుకనుండి విడదీయలేక పనివారు అలసిపోయిరి. ఆ గోడయొద్ద నిలిచి, ఆ మేస్త్రి మాట నిజమేనని తెలిసికొంటిని. బావిని చెత్తతో పూడ్చిరి. గోడ వెనుకనుండి అంతవరకు కనబడని పొరుగు ఇండ్ల పెరళ్లు కనబడినవి. వానిలో ఒకటి రెండు మాత్రమే కాపురముండు ఇండ్లు.

దాతల బండను విడిగా తీయింపవలెనని మాలో ఒక్కరికిని తోచలేదు. నాకు తోచునప్పటికి అది శిథిలములతో కలిసిపోయినది. రెండు దినములు వెదకితిని. తుదకు తేనీటి అంగడివాడే, తన మెట్టు క్రింద వేసికొన్న రాయిని చూపి, ఇదేనా అని యడిగెను. సగము మాత్రమే దొరకినది, క్రింది సగము. పై పేర్లవారి పటములు మన కార్యాలయములో ఇంకను గలవు. పేరు చెప్పని ముసలమ్మకు ఆ సగము బండ తప్ప లోకములో వేరొక జ్ఞాపకము లేదు. దానిని ఈ దినము ఈ సభకు తెచ్చి, గుమ్మముచెంత నుంచితిని. పోవునప్పుడు చూచి పొండు.

అటుపిమ్మటి సంగతి క్లుప్తముగా చెప్పెదను. ఇరువదినాలుగు నెలలని చెప్పిన పని ఆరేండ్లు పట్టినది. దుకాణదారులు న్యాయస్థానమునకు పోయిరి. పక్క గల్లీవైపు హద్దు ఎక్కడనని వివాదము వచ్చినప్పుడు, మన క్రయపత్రము కావలసివచ్చినది. ఆ కాలపు దస్తావేజులు ఉర్దూలో నుండెడివి. అది ఏ రేకు పెట్టెలో నుండెనో, ఏ చెదలు తినెనో, నేటికిని దొరకలేదు. ఇంటి నమూనా పటమును ఎన్నడును గీయించి యుంచలేదు. గోడ నిలిచియున్నంతకాలము గోడయే హద్దు. గోడ పోయినపిమ్మట మనయొద్ద రుజువు లేదు. ఆ వైపున గజమున్నర వెడల్పు స్థలమును వదలుకొని రాజీపడితిమి.

క్రొత్త భవనములో ఒక అంతస్తును ఒప్పందము ప్రకారము మనకిచ్చిరి. అందు వంటశాలకు ఏర్పాటు లేదు. పొగ పోవు దారి లేదు. స్నానపు గదులు రెండు. అంగడి భవనములో రాత్రులు విద్యార్థులుండుటకు అనుమతియు దొరకలేదు. ఒప్పందములో ‘ఒక అంతస్తు’ అని వ్రాసితిమేగాని, ‘ఇంతమంది విద్యార్థులు తిని పండుకొనదగిన అంతస్తు’ అని వ్రాయలేదు. నేడది ఒక వర్తకుని గిడ్డంగి. పైన మాత్రము పెద్దల పేరిట బోర్డు కలదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట యనగా ఇదియే.

న్యాయముగా చెప్పవలెనన్న, లాభమును కలదు. ఆ భవనము అద్దెవలన మన సంఘమునకు పూర్వమెన్నడును లేని ఆదాయము వచ్చుచున్నది. దానితో విద్యార్థివేతనములిచ్చుచున్నాము, నేడీ సభలో కూర్చున్న వైద్యులలో, ఇంజనీర్లలో ఆ వేతనములతో చదివినవారు గలరు. పాత ఇంటిలో బాలికలకు చోటే లేదు. దానిని కట్టినవారికి ఆ తలంపే రాలేదు. మరుగుదొడ్లు ముంగిలికి ఆవల నుండెను. వయసు మళ్లినవారు మెట్లెక్కలేకపోయిరి. కావున పాతదంతయు బంగారమని నేను పలుకను. కాని పల్లెనుండి పెట్టె పట్టుకొని వచ్చిన బిడ్డకు వేతనపు చెక్కు తలదాచుకొన చోటు కాజాలదు. ఆ చోటు పోయినది, మరల రాలేదు.

ప్రభుత్వము రక్షింపవలదా యని కొందరందురు. ఆ చరిత్రయు వినుడు. హైదరాబాదులోని వారసత్వ భవనముల రక్షణకై 1995లో పట్టణాభివృద్ధి నిబంధనలలో 13వ నిబంధన చేర్చబడినది. 2015లో దానిని తొలగించిరి. 2017లో వేరొక చట్టము వచ్చినది. సైఫాబాదులోని పాత సచివాలయ భవనములను 2020లో కూల్చిరి. ఆ చోట క్రొత్త సచివాలయము 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. ఎర్రమంజిలు భవనమును తొలగించి శాసనసభను కట్టవలెనన్న నిర్ణయమును 2019లో ఉన్నతన్యాయస్థానము కొట్టివేసినది. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనములోనికి 2020 జులై వానలకు నీరు చేరగా రోగులను వేరొకచోటికి మార్చిరి. ఇటులనే, రక్షింపబడినవియు గలవు. మొజంజాహీ మార్కెట్టును 2020 నాటికి శుభ్రపరచి, సిమెంటు మరకలు తొలగించి నిలబెట్టిరి. అందు అంగళ్లు సాగుచునేయున్నవి. కిర్కుపాట్రికు కట్టించిన రెసిడెన్సీలో 1949నుండి ఆడపిల్లలు చదువుకొనుచున్నారు. చిరకాలము శిథిలముగా నుండిన ఆ దర్బారు మందిరమును ఇటీవలి సంవత్సరములలో బాగుచేయించిరి. ఇవి రాజమందిరములు; వానికై వ్రాయువారు, వ్యాజ్యము వేయువారు గలరు. గల్లీలోని పదునాలుగు గదుల ఇల్లు ఏ జాబితాలోనికిని ఎక్కదు. దానికి కాపలా దాని యజమానులే. అనగా మనమే.

2020 ఫిబ్రవరిలో సుల్తానుబజారు మీదుగా మెట్రో రైలు నడువసాగినది. తమ అంగళ్లు పోవునని వర్తకులు ఏండ్లతరబడి వద్దని మొరపెట్టిన మార్గమది. నేనును ఒకసారి ఆ రైలెక్కితిని. పైనుండి చూచినచో పాత మిద్దెలు ఇంకను అక్కడక్కడ కనబడును. వానిలో చాలవానిపై రావిమొక్కలు కలవు. మా గల్లీ ఏదియో ఒక్క క్షణము గుర్తుపట్టలేకపోయితిని. పేటలు మారుటను ఎవరును ఆపజాలరు, ఆపవలెనని నేను కోరను. మారునప్పుడు మనచేతిలోనిదానిని మనము ఎట్లు విడిచితిమన్నదే మనలను అడుగవలసిన ప్రశ్న.

ఇక కాచిగూడ ధర్మశాల. అదియు ఆ కాలపు కట్టడమే, రైలుస్టేషనునకు దగ్గర. నెలలో ఇరువది దినములు తాళము వేసియుండును. దానికి కూడ ఒక ఒప్పందపు చిత్తు సిద్ధముగా నున్నదని వినుచున్నాను. ఆ స్థలములో మన బాలికలకు వసతిగృహము కావలెనని కొందరు సోదరీమణులు మూడేండ్లనుండి అడుగుచున్నారు. నేను వారి పక్షము. పాతదానిని బాగుచేసి పెట్టుదురో, పడగొట్టి కట్టుదురో నేను నేడు శాసింపజాలను. ఆ గోడలయందు ఎంత బలమున్నదో నాకు తెలియదు. తెలిసికొనకముందే చేతులెత్తవద్దని మాత్రము ప్రార్థించుచున్నాను. తీర్మానమునకు నాలుగు నియమములు చేర్చుడని నా మనవి.

ఒకటి: సున్నపు కట్టడములను ఎరిగిన ఇంజనీరుచేత ధర్మశాలను పరీక్షింపజేసి, బాగుచేయుటకు ఎంత, క్రొత్తగా కట్టుటకు ఎంత అను రెండు లెక్కలను సభ్యులందరికిని పంపవలెను. ఆ లెక్కలు వచ్చిన పిమ్మటనే ఓటు. ఈలోగా మిద్దెమీది తూములను ఈ వానకాలమునకు ముందే తెరిపింపవలెను. అందుకు తీర్మానము కూడ అక్కరలేదు, ఇద్దరు కూలీలు చాలును.

రెండు: ఇల్లు నిలిచినను పోయినను, ముందు దాని కొలతలు తీసి పటము గీయించి, ప్రతి గదికి ఛాయాచిత్రములు తీయింపవలెను. క్రయపత్రమును, పాత ఉర్దూ కాగితములను తెలుగు చేయించి, మూడు ప్రతులు మూడుచోట్ల నుంచవలెను. హద్దుల రాళ్లను ఇరుగుపొరుగువారి సమక్షమున గుర్తింపవలెను.

మూడు: ఏ ఒప్పందము వ్రాసినను అందు మొదటి షరతు వసతిని గూర్చియే యుండవలెను. ఎన్ని మంచములు, ఎన్ని స్నానపు గదులు, వంటశాల ఎంత, రాత్రి నివాసమునకు అనుమతి ఎవరు తేవలెను, పని ఆలస్యమైనచో పిల్లల అద్దె ఎవరు భరింపవలెను అని స్పష్టముగా వ్రాయవలెను. దుకాణముల పంపకము రెండవ షరతు.

నాలుగు: శిలాఫలకములు, పాత హాజరుపట్టీలు, జమాఖర్చు పుస్తకములు మొదటి పలుగు పడకముందే కార్యాలయమునకు చేరవలెను. ధర్మశాల గుమ్మమున కూడ ఒక బండ కలదు. నిన్న పోయి చదివితిని. దానిపై పందొమ్మిది పేర్లున్నవి. వారిలో నలుగురి మనుమలు ఈ సభలో కూర్చున్నారు. వారు రేపు చేయెత్తుటకు ముందు ఒక్కమారు ఆ బండను చదివి రావలెనని కోరుచున్నాను.

సోదరులారా! మన పెద్దలు ధనికులు కారు. హాలీ రూపాయలు పోగుచేసి, తమ ఇండ్లకు సున్నము లేకున్నను పిల్లల ఇంటికి డంగుసున్నము వేయించిరి. వారు మనకిచ్చినది స్థలము విలువ కాదు, ఆ గుమ్మము తెరచియుండునన్న మాట. ఆ మాటను నేనొకసారి కాపాడలేకపోయితిని. నా వయసున మరియొక అవకాశము రాదు. మీకు రేపు వచ్చుచున్నది.